డెయిన్‌ట్రీ అడవిలో ఒక్క రోజు: మొసలి కోసం వెళ్తే ఆకు కాటేసింది

గెలల_గోపి | సెప్టెంబరు 21, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మాది రావులపాలెం దగ్గర పల్లెటూరు. మన దేశం వాళ్లకి 2024లో తెరిచిన 462 వీసా (పని చేసుకుంటూ దేశం తిరిగే వీసా) లాటరీలో పేరు తగిలి ఆస్ట్రేలియా వచ్చాను. ఇన్నిస్‌ఫెయిల్ పక్కన అరటితోటలో గెలలు మోస్తున్నాను. అంత దూరం వెళ్లి మళ్లీ గెలలే మోస్తున్నావా అని మా నాన్న ఇంకా నవ్వు ఆపలేదు.

పోయిన ఆదివారం కెయిర్న్స్ హాస్టల్లో పరిచయమైన ముగ్గురితో కలిసి కారు అద్దెకి తీసుకుని డెయిన్‌ట్రీ వర్షారణ్యం చూసొచ్చాను. ఐర్లండ్ కుర్రాడు, జర్మనీ అమ్మాయి, తైవాన్ అమ్మాయి, నేను. ఇదంతా ఎడం చేత్తో టైప్ చేస్తున్నాను, తప్పులుంటే క్షమించండి. ఎందుకో చివర్లో తెలుస్తుంది.

ఉదయం ఆరింటికి బయల్దేరాం. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క కొండ. విశాఖ నుంచి భీమిలి వెళ్లే రోడ్డే, కాకపోతే జనం లేరు. మాస్మన్ దగ్గర చెరుకు తోటలు, వాటి మధ్య ఒకప్పుడు చెరుకు మోసిన బుల్లి రైలు పట్టాలు. తర్వాత డెయిన్‌ట్రీ నది. వంతెన లేదు, పంటు మీద కారుతో సహా దాటాలి. ఇనుప తాళ్లు పట్టుకుని అటూ ఇటూ నడుస్తుంది. సఖినేటిపల్లి రేవు గుర్తొచ్చి ప్రాణం లేచొచ్చింది. నది దాటాక ఫోన్లో సిగ్నల్ పోయింది. అవతలి ఒడ్డున కరెంటు స్తంభాలే లేవు, ఇళ్లకి సోలారు, జనరేటర్లే.

రేవు దగ్గరే పసుపు బోర్డు. నోరు తెరిచిన మొసలి బొమ్మ, కింద ఇంగ్లీషుతో పాటు జర్మన్‌లో 'అఖ్తుంగ్' (జాగ్రత్త) అని పెద్దక్షరాలు. "ప్రపంచంలో ఇన్ని భాషలుండగా మా వాళ్లకే చెప్పాల్సొచ్చింది చూడు" అని మా జర్మనీ అమ్మాయి తల పట్టుకుంది.

నది మీద గంటసేపు పడవలో తిప్పారు. బురద గట్టు మీద ఒక పెద్ద మగ మొసలి కనిపించింది. మన పడవంత ఉంది. కదల్లేదు. ఉన్నంతసేపూ కదల్లేదు. ఫోటోలు తీసి తీసి నాకే విసుగొచ్చింది. తర్వాత జిందాల్బా, మర్ద్జా అనే చోట్ల అడవిలో వేసిన చెక్కదారుల మీద నడిచాం. మర్ద్జాలో మడ అడవి ఉంది. కోరంగి చూసినవాళ్లకి సగం తెలిసిన చోటే అనిపిస్తుంది, అవే ఊపిరి వేళ్లు, అదే బురద వాసన. మిగతా సగం మాత్రం వేరే లోకం. విసనకర్రల్లాంటి గుండ్రటి ఆకులతో తాటి జాతి చెట్లు, వాటి మధ్య నుంచి పడే పచ్చటి వెలుతురు.

మధ్యాహ్నం కసోవరీ అనే పెద్ద పక్షి కనిపించింది. రోడ్డు దాటుతోంది, వెనకాల చారల పిల్లలు మూడు. నీలం మెడ, నెత్తిన కిరీటం లాంటి కొమ్ము, దాదాపు నా అంత ఎత్తు. మా ఐర్లండోడు కారు ఆపి, నేను తోట నుంచి తెచ్చిన అరటిపండు పట్టుకుని దిగాడు! పక్షి ఆగి, మెడ కిందికి వంచి అతన్ని చూసింది. మేం అరవలేం, హారన్ కొట్టలేం. తైవాన్ అమ్మాయి కిటికీలోంచి చెయ్యి చాపి చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది. అంతే, కథ అయిపోయింది.

చివరికి కేప్ ట్రిబ్యులేషన్, అంటే కష్టాల అగ్రం. 1770 జూన్‌లో కెప్టెన్ కుక్ ఓడ దీనికి దగ్గర్లోనే పగడపు దిబ్బకి గుద్దుకుని చిల్లు పడింది. మా కష్టాలన్నీ ఇక్కడే మొదలయ్యాయని ఆ పేరు పెట్టాడు. నాకూ అక్కడే మొదలయ్యాయి. ఒంటికి పోసుకుందామని రోడ్డు పక్కకి నాలుగడుగులు వేశాను. తిరిగొస్తుంటే కుడిచెయ్యి వెనకవైపు ఒక ఆకుకి రాసుకుంది. తమలపాకులా హృదయం ఆకారం, మెత్తటి నూగు. మొదట దూలగొండి అనుకున్నాను. అర నిమిషంలో మరిగే నూనె పోసి, దాని మీద కరెంటు పెట్టినట్టయింది. చంకలో బిళ్ల కట్టింది. కూర్చోలేను, నుంచోలేను.

దారిలో ఒక కాఫీ కొట్టు ఆవిడ చెయ్యి చూసి, లోపలికెళ్లి కాళ్ల వెంట్రుకలు తీసుకునే వ్యాక్స్ పట్టీలు తెచ్చింది. అంటించి ఒక్క గుంజు గుంజింది. జన్మలో మొదటిసారి వ్యాక్సింగు, అదీ అడవిలో, ముగ్గురు చూస్తుండగా.

ఇప్పుడు నా ప్రశ్న. వారం అయింది. మామూలుగా బాగానే ఉంటోంది, కానీ చన్నీళ్లు తగిలితే నొప్పి మళ్లీ మొదటికొస్తోంది. షెడ్డులో గెలలు కడిగేది చన్నీళ్లతోనే. ఇది ఎన్నాళ్లుంటుంది?

---

మొక్కల_పిచ్చి | సెప్టెంబరు 21, రాత్రి 9:48

గోపీ, నీకు తగిలింది జింపీ జింపీ అనే మొక్క. దూలగొండికి దీనికి పోలికే లేదు. దూలగొండి నూగు దురద పెట్టి పోతుంది. దీని నూగు సన్నటి గాజు సూదులు. ఒక్కొక్కటీ ఇంజెక్షన్ సూదిలా లోపల బోలు, అందులో విషం. చర్మంలో విరిగి ఉండిపోతాయి. 2020లో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం వాళ్లు ఆ విషాన్ని విడదీసి చూస్తే సాలీడు, శంఖు నత్తల విషం పనిచేసే తీరుకి దగ్గరగా ఉందని తేలింది. చెట్టు తయారుచేసింది సాలీడు విషం లాంటిదన్నమాట. ఎన్నో ఏళ్లు ఎండబెట్టి దాచిన ఆకులు కూడా కుడతాయి.

చన్నీళ్లకి నొప్పి తిరగబెట్టడం దీని లక్షణమే. కొందరికి వారాలు, కొందరికి నెలలు. భయపెట్టాలని కాదు, ముందే తెలిస్తే టెన్షన్ తగ్గుతుందని.

ఇంకో మాట. నువ్వు నట్టడవిలో కాకుండా రోడ్డు పక్కన తగిలించుకోవడం యాదృచ్ఛికం కాదు. దానికి వెలుతురు కావాలి. చెట్టు కూలిన చోట, రోడ్డు వేసిన చోట, కాలిబాట అంచున మొలుస్తుంది. మనిషి ఎక్కడ ఆగుతాడో సరిగ్గా అక్కడ.

---

పప్పుచారు_ప్రసాద్ | సెప్టెంబరు 21, రాత్రి 10:15

పోస్టు మస్తుంది తమ్మీ, కానీ మన జనం ఆస్ట్రేలియా అంటే అడుగడుక్కీ చావే అన్నట్టు మాట్లాడతారు. ఆ దేశంలో పాముకాటుతో ఏటా పోయేది సగటున ఇద్దరు. కసోవరీ చేతిలో పోయింది చరిత్ర మొత్తంలో ఒక్కడు. రోడ్ల మీద పోయేవాళ్లు ఎంతమంది? నేను మెల్‌బోర్న్‌లో ఆరేళ్లుగా ఉన్నా, ఇప్పటికి ఒక్క పామునీ చూళ్లేదు. అంతా యూట్యూబ్ బిల్డప్.

---

కెయిర్న్స్_కాపురం | సెప్టెంబరు 21, రాత్రి 11:02

మెల్‌బోర్న్‌లో కూర్చుని డెయిన్‌ట్రీ గురించి చెప్పడం అంటే, ఢిల్లీలో కూర్చుని ఒడిశాలో మొసళ్లుండే భితరకనిక మడ అడవి గురించి చెప్పినట్టు అన్నా :)

ఇక్కడ పదకొండేళ్లుగా ఉంటున్నాను కాబట్టి నాలుగు మాటలు. చావులు తక్కువ, నిజమే. తక్కువ ఎందుకంటే ఇక్కడివాళ్లు బోర్డు చూస్తే ఆగుతారు. నీటి అంచుకి కనీసం 5 మీటర్ల దూరం, గుడారం వేస్తే 50 మీటర్లు. ఒకే చోటికి ఒకే టైముకి రోజూ వెళ్లకూడదు, మొసలి గుర్తుపెట్టుకుంటుంది. మనకి కనిపించిన మొసలి సమస్య కాదు. అడుగు లోతు నీళ్లలో కూడా పెద్ద మొసలి కనబడకుండా పడుకోగలదు. 2016 మే నెలలో థార్న్‌టన్ బీచ్‌లో రాత్రిపూట ఇద్దరు స్నేహితురాళ్లు నడుము లోతు నీళ్లలోకి దిగారు, ఒకరు తిరిగి రాలేదు. గోపి వాళ్లు ఆ బీచ్ పక్క నుంచే వెళ్లుంటారు.

ఇంకోటి, ఉప్పునీటి మొసలి అనే పేరు జనాన్ని ముంచుతుంది. వాగుల్లోకి, మంచినీళ్లలోకి చాలా లోపలిదాకా వెళ్తాయి. సెప్టెంబరు నుంచి ఏప్రిల్ దాకా వాటి సంతాన కాలం, చురుగ్గా తిరుగుతాయి. గోపి చూసినప్పుడు కదల్లేదంటే పొద్దుటి ఎండ కాచుకుంటోందని అర్థం, బద్ధకం కాదు.

---

రిటైర్డ్_రేంజరు | సెప్టెంబరు 22, ఉదయం 6:20

ప్రసాద్ గారి లెక్కా, కెయిర్న్స్ అమ్మాయి మాటా రెండూ నిజమే. నేను అటవీశాఖలో ముప్ఫై రెండేళ్లు చేశాను, ఎక్కువ కాలం ఏజెన్సీలోనే. ఉద్యోగం మీద ఒకసారి ఒడిశా భితరకనిక వెళ్లాను. డెయిన్‌ట్రీలో ఉన్న మొసలీ అక్కడి మొసలీ ఒకే జాతి. తేడా ఎక్కడుందంటే, అక్కడ ఆడవాళ్లు బట్టలు ఉతకడానికి, చేపలకి, పశువులని కడగడానికి నీళ్లలోకి దిగకుండా రోజు గడవదు. చాలా రేవుల్లో నీళ్లలో కర్రలు పాతి కంచె కట్టుకుంటారు. అక్కడ మనిషి నీళ్లలోకి దిగేది అవసరానికి. టూరిస్టు దిగేది సరదాకి. అందుకే టూరిస్టుకి బోర్డు సరిపోతుంది, పల్లెకి సరిపోదు.

బాబు గోపీ, మర్ద్జాలో నువ్వు వాసన పట్టావన్న మడ బురద బాగుంది. నాకు ఆ వాసన అంటే ఇష్టం.

---

గెలల_గోపి | సెప్టెంబరు 22, సాయంత్రం 6:40

రేంజరు గారూ, మీరన్నాక ఒకటి గుర్తొచ్చింది. ముందు రాయలేదు, సిగ్గేసి. మర్ద్జా నుంచి బయటికొచ్చాక నా చెప్పులకి బురద అంటింది. పక్కనే చిన్న వాగు, మోకాలి లోతు, అద్దంలా ఉంది. మా ఊళ్లో అయితే కాలవలో కాళ్లు కడుక్కోవడానికి ఎవడైనా ఆలోచిస్తాడా? కాళ్లు వాటంతట అవే నడిచాయి. ఒడ్డు నుంచి రెండడుగుల దూరంలో ఉండగా జర్మనీ అమ్మాయి 'అఖ్తుంగ్' అని అరిచింది. ఆ మాట అంత బాగా పనికొస్తుందనుకోలేదు.

---

బ్రిస్బేన్_నర్సు | సెప్టెంబరు 22, రాత్రి 8:05

గోపీ, వ్యాక్స్ పట్టీ వేసిన ఆవిడకి దండం పెట్టు. ఇక్కడ వాడే పద్ధతి అదే. రుద్దకూడదు, గుడ్డతో తుడవకూడదు. తుడిస్తే సూదులు విరిగి లోపలికి పోతాయి. ముఖం మీద, కంట్లో పడితే నేరుగా ఆసుపత్రికే. ఆ మొక్క దగ్గర ఎక్కువసేపు నిలబడినా నూగు గాల్లో ఎగిరి తుమ్ములు, ముక్కు నుంచి రక్తం కూడా వస్తాయి. నువ్వు డాక్టరుకి ఒకసారి చూపించు, తోట యజమానికి చెప్పి కడిగే పని కాకుండా ప్యాకింగ్ అడుగు.

ప్రసాద్ అన్నయ్యా, ఇద్దరు అన్నారు కదా, ఆ పక్కన మనది కూడా పెట్టండి. 2020లో వచ్చిన అధ్యయనం ప్రకారం 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో చనిపోయినవాళ్లు 12 లక్షల దాకా ఉంటారని అంచనా. ఏటా సగటున 58 వేలు. ఎక్కువ భారం మోసిన రాష్ట్రాల్లో మన తెలుగు ప్రాంతం ఉంది. విషమున్న పాములు ఇక్కడేం తక్కువ కాదు. గోపి చూసిన ఆ చెరుకు తోటల్లో తైపాన్ తిరుగుతుంది. కానీ ఇక్కడ రైతు బూట్లేసుకుంటాడు, ట్రాక్టరు మీద ఉంటాడు, విరుగుడు మందు దొరుకుతుంది. మన రైతు రాత్రి మోటారు వెయ్యడానికి వట్టికాళ్లతో గట్టు మీద నడుస్తాడు.

ఇక్కడ కాటు పడితే: కదలొద్దు, కరిచిన కాలో చెయ్యో మొత్తం గట్టి క్రేప్ బ్యాండేజీ చుట్టి బద్ద కట్టాలి, కాటు కడగొద్దు, 000కి ఫోన్. కానీ ఈ కట్టు పద్ధతి మన ఊరికి మోసుకెళ్లకండి. రక్తపింజరి లాంటి పాములు కండనే పాడుచేస్తాయి, అక్కడ గట్టి కట్టు మేలు కన్నా కీడు చెయ్యొచ్చు. అక్కడ కదలకుండా ఉంచి 108, అంతే.

---

పప్పుచారు_ప్రసాద్ | సెప్టెంబరు 22, రాత్రి 8:31

సరే, ఒప్పుకున్నా. మా పెదనాయన పోయింది మోటారు వెయ్యబోయే. ఆ లెక్క గుర్తు రాలేదు నాకు.

---

కెయిర్న్స్_కాపురం | సెప్టెంబరు 22, రాత్రి 9:17

కసోవరీ సంగతి చెప్పకుండా వదలను. గోపీ, ఆ పిల్లల ముందు నడిచింది తల్లి కాదు, తండ్రి. ఆడది పచ్చటి గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. మగది సుమారు 50 రోజులు పొదిగి, తర్వాత తొమ్మిది నెలల దాకా పిల్లల్ని వెంటేసుకుని తిరుగుతుంది. నువ్వు చూసింది ఆ సమయంలోనే. కాలి లోపలి వేలికి 12 సెంటీమీటర్ల దాకా గోరు, బాకు లాంటిది. ఎగిరి తంతుంది.

ఆస్ట్రేలియాలో దాని వల్ల మనిషి చనిపోయింది 1926లో, మాస్మన్ దగ్గరే. కుర్రాళ్లు కర్రలతో కొట్టబోయారు, ఒకడు పరిగెత్తి పడ్డాడు, గోరు మెడకి తగిలింది. కసోవరీలు మనుషుల మీదికి వచ్చిన 150 సంఘటనల్ని ఒక పరిశోధకుడు 1999లో పరిశీలిస్తే, ముప్పావు వంతు అంతకుముందు మనుషులు తిండి పెట్టి అలవాటు చేసిన పక్షులవే. అరటిపండు ఎందుకు వద్దో ఇప్పుడు అర్థమైందా? తిండి పెట్టడం నేరం కూడా. పక్షి కార్ల దగ్గరికి రావడం నేర్చుకుంటుంది, తర్వాతి కారు గుద్దుతుంది. అడవిలో ఎదురైతే పరిగెత్తొద్దు. మొహం దానివైపే ఉంచి, సంచి ముందు పెట్టుకుని, మెల్లగా వెనక్కి నడవాలి. చెట్టు ఉంటే చెట్టు చాటుకి.

అక్కడి రోడ్డు పక్క స్పీడ్ బ్రేకర్ బోర్డు చూశారా? ఎవరో కొంటె మనిషి దాన్ని దిద్దాడు.  బొమ్మలో గుట్టకి కాళ్లు, ముక్కు పెట్టి వెల్లకిలా పడ్డ కసోవరీలా చేశాడు.

---

మొక్కల_పిచ్చి | సెప్టెంబరు 22, రాత్రి 10:40

కసోవరీ లేకపోతే ఆ అడవి పండ్ల చెట్లలో చాలావాటికి గింజలు దూరం మోసే దిక్కు లేదు. పెద్ద పండ్లని గుటుక్కున మింగి, గింజలని కిలోమీటర్ల అవతల వదులుతుంది. మనకి విషమైన కసోవరీ ప్లమ్‌ని అది హాయిగా తింటుంది.

విషం అంటే ఇంకొకటి. 1971లో డెయిన్‌ట్రీ దగ్గర ఒక పొలంలో పశువులు చనిపోతే, పొట్టలు కోసి చూశారు. ఎవరూ గుర్తుపట్టని పెద్ద గింజలు దొరికాయి. వెతుక్కుంటూ వెళ్తే అంతరించిందనుకున్న చెట్టు బయటపడింది. పూలు పూసే చెట్లలో చాలా పాత వంశం. జనం పెట్టిన పేరు 'ఇడియట్ ఫ్రూట్'. ఆ అడవి వయసు పద్దెనిమిది కోట్ల ఏళ్ల దాకా చెప్తారు. పశువు చచ్చిపోతే తప్ప మనకి తెలియని చెట్లు ఇంకెన్నున్నాయో.

గోపీ, ఆకులు కలిపి కుట్టుకుని గూళ్లు కట్టిన చీమలు చూశావా? మన మామిడి చెట్ల మీద ఉండే ఎర్రచీమల జాతే, అక్కడివాటికి పొట్ట పచ్చగా ఉంటుంది.

---

గెలల_గోపి | సెప్టెంబరు 23, సాయంత్రం 7:02

చూశానక్కా! ఐర్లండోడు ఒకదాన్ని పట్టుకుని పొట్ట నాకాడు, నిమ్మకాయలా పుల్లగా ఉందన్నాడు. అతని ధైర్యానికో తెలివితక్కువకో ఒక దండం. మా ఊళ్లో మామిడికాయలు కోయడానికి ఎక్కినప్పుడు వీటితో తిన్న దెబ్బలు గుర్తుండబట్టి నేను దూరంగా ఉన్నా. తెలిసిన చీమకి భయపడి దూరం జరిగినవాణ్ని, తెలియని ఆకుని మాత్రం ఆనుకుని వచ్చాను.

---

సిడ్నీ_శ్రీమతి | సెప్టెంబరు 24, మధ్యాహ్నం 1:15

మేము డిసెంబరు సెలవల్లో ఇద్దరు పిల్లలతో (9, 6) వెళ్దామనుకుంటున్నాం. టికెట్లు బుక్ చేసేశాం. ఈ పోస్టులన్నీ చదివాక మా ఆయన మొహం చూడాలి మీరు. వెళ్లొచ్చా, మానాలా?

---

కెయిర్న్స్_కాపురం | సెప్టెంబరు 24, రాత్రి 8:50

వెళ్లండి, కానీ డిసెంబరు వద్దమ్మా. భయం జంతువుల వల్ల కాదు, వాన వల్ల. 2023 డిసెంబరులో జాస్పర్ తుపాను వచ్చినప్పుడు పంటు అవతలి కొండ మీద రోడ్డు విరిగిపడి ఊళ్లన్నీ తెగిపోయాయి. పైగా నవంబరు నుంచి మే దాకా సముద్రంలో బాక్స్ జెల్లీ చేపలు, వేలిగోరంత ఇరుకాంజీలు. బీచ్ దగ్గర స్తంభాలకి వెనిగర్ సీసాలు కట్టి ఉంటాయి, అవి సలాడ్‌కి కాదు, కుట్టినచోట పొయ్యడానికి. జూన్ నుంచి సెప్టెంబరు హాయి.

పిల్లలతో అయితే చెక్కదారులు చాలు, అవి దిగకండి. మాస్మన్ గోర్జ్‌లో అక్కడి ఆదివాసులు కుకు యలంజి వాళ్లు దగ్గరుండి నడిపించే నడక తప్పక తీసుకోండి. ఏ ఆకు ఏంటో వాళ్లే చెప్తారు. ఆ అడవి వాళ్లదే, 2021లో డెయిన్‌ట్రీతో కలిపి లక్షా అరవై వేల హెక్టార్లకి పైగా తిరిగి వాళ్ల చేతికొచ్చింది. పంటు ఎక్కేముందే మ్యాపు ఫోన్లో దించుకోండి. అద్దె కారు కాగితాలు చదవండి, కేప్ ట్రిబ్యులేషన్ దాటాక మట్టి దారి, చాలా ఒప్పందాల్లో దానికి ఇన్సూరెన్స్ వర్తించదు. చీకటి పడకముందే తిరిగొచ్చెయ్యండి.

---

గెలల_గోపి | అక్టోబరు 12, రాత్రి 9:30

అప్‌డేట్. దాదాపు నెల. నొప్పి చాలావరకు తగ్గింది. నర్సక్క చెప్పినట్టు అడిగితే సూపర్‌వైజరు నన్ను పెట్టెలు మడిచే పనికి మార్చాడు. అతనికి కూడా ఏడేళ్ల కిందట మోకాలికి తగిలిందట, ప్యాంటు ఎత్తి చూపించాడు, అక్కడేమీ లేదు. "చలికాలం వస్తే నాకు తెలుస్తుంది" అన్నాడు. అమ్మకి మాత్రం అరటి బోదె గీసుకుందని చెప్పాను. ఐర్లండోడు బాగానే ఉన్నాడు, డార్విన్ వెళ్లాడు, అక్కడ మొసళ్లు ఇంకా పెద్దవట.

---

సిడ్నీ_శ్రీమతి | అక్టోబరు 13, ఉదయం 10:05

డబ్బు కొంత పోయినా టికెట్లు జూన్‌కి మార్చాం. పెద్దాడు అఖ్తుంగ్ అని ఇల్లంతా అరుస్తూ తిరుగుతున్నాడు. వ్యాక్స్ పట్టీలు నా సంచిలో ఎలాగూ ఉంటాయి.